కొత్తగా పని చేయించిన ఇంజన్ నీలం పొగ కొడుతుంటే, మళ్ళీ విప్పే ముందు చూడాల్సినవి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివినా. మీ నాన్న తోలిన మారుతి 800, కార్బ్యురేటర్ బండి, ఇంజన్ మొత్తం దించి బోర్ కొట్టించి, అంటే పిస్టన్లు ఆడే సిలిండర్ గోడల్ని చెక్కించి, 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే కొత్త రింగులు, వాల్వ్ కాడల దగ్గర నూనెని ఆపే వాల్వ్ సీల్స్, గ్యాస్కెట్ సెట్టు అన్నీ వేయించినావు, 120 కిలోమీటర్లు తిరిగింది, అయినా వెనక నీలం పొగ ఆగలేదు. పని చేసినాయనేమో వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే పోతాది, నిదానంగా తోలు అంటాడు, ఇంకో షెడ్డులో చూపిస్తే ఆయన బోర్ తప్పు కొట్టినారు మల్లా విప్పాల అంటాడు. ఎవరి మాట వినాల అన్నా అని అడిగినావు.

ఇద్దరి మాటా ఇప్పుడే వినొద్దు. ఒకాయన చూడకుండానే ఏం కాదన్నాడు, ఇంకొకాయన చూడకుండానే అంతా పోయిందన్నాడు, ఇద్దరిలో ఎవరూ పొగ ఎప్పుడెప్పుడు వస్తాందని నిన్ను అడగలేదు. నాకైతే నీ రాతలో అన్నిటికన్నా అనుమానం కొట్టింది నువ్వు మధ్యలో ఊరికే రాసిన ఒక మాట, రోజూ పొద్దున ఇంటి ముందర అరగంట ఐడిల్‌లో, అంటే స్టార్ట్ చేసి కదలకుండా, పెడుతున్నా, రోడ్డు మీద 40 దాటించడం లేదు అని. దాని సంగతి కిందికి వస్తా, ఈలోపల ఈ పొద్దు నుంచే ఆ పని ఆపేయ్.

నేను కడపలో ముప్పై ఏండ్లకు పైగా ఇదే పనిలో ఉన్నా, పానాలు అందిస్తా నేర్చుకున్నోణ్ణి, పుస్తకం చదివి కాదు. కొత్త ఇంజన్ పొగ అనేది మనుషుల్ని శానా తొందర పెడతాది, ఏంటికంటే డబ్బు అప్పుడే పోయి ఉంటాది, కోపం మీద ఉంటారు, ఆ కోపంలో విప్పేసిన ఇంజన్లలో సగం విప్పకుండానే బాగయ్యేవి.

ముందు రంగు. పొద్దున చలికి సైలెన్సర్ నుంచి తెల్లగా వచ్చి రెండడుగుల్లోనే గాల్లో కలిసిపోయేది పొగ కాదు, ఆవిరి. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి, నమ్మబుద్ధి కాదు గానీ నిజం, ఆ నీళ్ళన్నీ సైలెన్సర్ గుండానే పోవాల కదా. ఆయిల్ పొగ అట్ల కాదు, నీలంగా గాలిలో వేలాడతా ఉంటాది, కాలిన నూనె వాసన గొంతులో పట్టుకుంటాది. అనుమానం ఉంటే తెల్ల గుడ్డ ముక్క ఒకటి సైలెన్సర్ మూతికి జానెడు దూరంలో నిమిషం సేపు పట్టుకో, జిడ్డు చుక్కలు పడితే ఆయిల్, తడి పడి ఆరిపోతే నీళ్ళు, పొడిగా నల్లగా మసి పడితే పెట్రోల్ ఎక్కువ పోతాంది. నువ్వు నీలం అన్నావు, వాసన కూడా చెప్పినావు కాబట్టి ఆయిలే అనుకుందాం.

ఇంగ ఆ ఆయిల్ యాడిది అనేదే అసలు ప్రశ్న. పని చేయించక ముందు ఈ బండి పొగ కొడతా ఉండింది అన్నావు గదా, ఎన్ని నెలలు కొట్టిందో ఏమో, ఆ నూనె అంతా సైలెన్సర్ లోపల అంటుకుని ఉంటాది. దాంతో పాటు ఇంజన్ కూర్చేటప్పుడు పిస్టన్లకి, బోర్ గోడలకి, పోర్టుల్లోకి పూసిన ఆయిల్ ఉంటాది. ఇంజన్ లోపలిది పది ఇరవై నిమిషాల్లో కాలిపోతాది గానీ సైలెన్సర్‌లోది అంత తొందరగా పోదు, ఊర్లో అప్సర సర్కిల్ నుంచి ఏడు రోడ్ల దాకా తిరిగితే సైలెన్సర్ చివరి డబ్బా వేడే ఎక్కదు, ఇంగ కాలేది ఎట్ల? కొత్తగా కట్టిన ఇంజన్లకి యాభై నూరు కిలోమీటర్ల దాకా ఈ పాత నూనె పొగ రావడం నేను శానా చూసినా. దీనికి గుర్తు ఏందంటే రోజురోజుకీ తగ్గతా వస్తాది, ఒకసారి గట్టిగా వేడెక్కితే బాగా వచ్చి తర్వాత పల్చబడతాది. తగ్గకుండా మొదటిరోజు ఎట్ల ఉందో అట్లనే ఉంటే అది సైలెన్సర్ పాపం కాదు. నీ బండి 120 తిరిగింది, కానీ అన్నీ ఊర్లో తిరిగిన చిన్న చిన్న తిరుగుళ్ళు, కాబట్టి ఈ లెక్కన నీది ఇంకా పూర్తిగా పరీక్ష కాలేదు.

రెండోది, రూపాయి ఖర్చు లేనివి. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, తియ్యి, చదునైన చోట, ఇంజన్ ఆపి పది నిమిషాలైనాక. పై గీత దాటి ఉందా? మనోళ్ళకి ఒక అలవాటు, డబ్బా కొన్నాం గదా అని మొత్తం ఒంపేస్తారు. 800లో సంపు, అంటే ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టి, చిన్నది, ఎక్కువైతే పిస్టన్లని ఆడించే క్రాంక్ ఆ నూనెలో మునిగి చిలికి బోర్ గోడల మీదికి కొడతాది, గోడల మీద నూనెని కిందికి గీకే ఆయిల్ రింగు ఎంత గీసినా సరిపోదు. తర్వాత ఆ డిప్‌స్టిక్‌నే ముక్కు దగ్గర పెట్టి వాసన చూడు. పెట్రోల్ వాసన వస్తే, అందులోనూ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతా ఉంటే, పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చినిగి సంపులోకి కారుతాంది, లేకపోతే చలికి స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోల్ ఎక్కువ పోనిచ్చే చోక్, దాని కేబుల్ పూర్తిగా వెనక్కి పోకుండా ఇరుక్కుని ఉంది. చోక్ సంగతి చిన్నదిగా చూడొద్దు, ఎక్కువైన పెట్రోల్ బోర్ గోడల మీద నూనె పొరను కడిగేసి కొత్త రింగుల్ని సెట్ కానీయదు. చోక్ ఇరుక్కున్న సంగతి చూడకుండా రింగులు మార్చినోళ్ళని నేను చూసినా, మల్లా వారానికి అదే పొగ.

ఇంగొకటి బ్రీదర్ పైపు. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి పోయే రబ్బరు గొట్టం ఉంటాది చూడు, అది లోపల మురికి పట్టి మూసుకునిపోయి ఉంటే ఇంజన్ కడుపులో గాలి బయటికి పోయే దోవ లేక నూనెని యాడ సందు దొరికితే ఆడికి తోస్తాది. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు, కాగితం నూనెలో తడిసి ఉంటే అదే గుర్తు. ఒక కిటుకు, ఆ గొట్టం ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఊడదీసి, డబ్బాకి ఉన్న రంధ్రానికి గుడ్డ చుట్టి, గొట్టం కొసను ఒక సీసాలో పెట్టి పది కిలోమీటర్లు పోయిరా. పొగ బాగా తగ్గితే ఆయిల్ ఈ గొట్టం గుండా పోతాంది అని తెలిసిపోతాది. పరీక్షకి మాత్రమే, అట్లనే తిప్పొద్దు, యర్రగుంట్ల వైపు పోతే బండల పాలిష్ దుమ్మంతా ఇంజన్ లోపలికే.

ఇవన్నీ బాగుండి పొగ ఉంటేనే రింగులా వాల్వులా అనే కథ మొదలైతాది. ఇక్కడ రంగు సాయం చెయ్యదు, రెండిట్లో కాలేది ఆ నూనే. ఎప్పుడు వస్తాంది అనేది చూడాల.

పొద్దున మొదటి స్టార్ట్‌కి బుస్సుమని ఒక పొగ గుంపు వచ్చి పది పదిహేను సెకన్లలో ఆగిపోతే వాల్వ్ సీల్స్, లేదా గైడ్లు, అంటే వాల్వ్ కాడ ఆడే గొట్టాలు. రాత్రంతా పైన వాల్వుల్ని తొక్కే రాకర్ల దగ్గర నిలిచిన నూనె గైడ్ సందులో నుంచి చుక్క చుక్కగా దిగి వాల్వ్ మీద కూర్చుని ఉంటాది. అట్లనే రైల్వే గేటు దగ్గర ఐదు నిమిషాలు ఐడిల్‌లో నిలబడి కదలగానే ఒక్క బుస్సు వచ్చి ఆగినా అదే. ఎక్కేటప్పుడు, లోడు మీద, యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తా ఉంటే రింగులు. దానికి తోడు స్టార్ట్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే పొగబండి మాదిరి ఫుస్ ఫుస్ అని బ్యాక్ కంప్రెషన్ కొడతా ఉంటే ఇంగ అనుమానమే లేదు.

దీనికి మన ఊరికి దగ్గర్లో దేవుడిచ్చిన పరీక్ష గువ్వలచెరువు ఘాట్. రాయచోటి రోడ్డులో ఎక్కి పైకి పో, ఎక్కేటప్పుడు వెనక ఇంకో బండిలో మనోణ్ణి ఎవరినైనా రమ్మను, అద్దంలో చూస్తే నీకు సరిగ్గా కనపడదు. ఎక్కుడంతా పొగ వస్తే రాసుకోమను. గువ్వలచెరువులో ఆగి కోవా తిని, ఇంజన్ ఐడిల్‌లో ఐదు నిమిషాలు ఉంచి, మల్లా కడప వైపు దిగు. దిగేటప్పుడు మూడో గేర్‌లో పెట్టి యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా తీసెయ్. అప్పుడు థ్రాటిల్ మూసుకుని ఉంటాది, పిస్టన్లు కిందికి లాగతా ఉంటాయి, లోపల గట్టి వ్యాక్యూమ్ పుట్టి ఇన్‌టేక్ వాల్వ్ గైడ్‌లో నుంచి నూనె పీలుస్తాది. నిమిషం సేపు అట్ల దిగి, తిన్నని చోట చూసుకుని ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కు. ఆ తొక్కగానే వెనక నీలం మబ్బు ఒకటి లేచి తర్వాత శుభ్రంగా ఉంటే గైడ్లు, సీల్స్. న్యూట్రల్ చెయ్యొద్దు, కీ ఆపొద్దు, ఆ ఘాట్‌లో లోడు లారీలు బ్రేకులు పోయి వచ్చే చోటు, పరీక్ష కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు, లారీలు లేని పొద్దున పూటే పో.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని శానామంది మెకానిక్కులే మర్చిపోతారు. దిగుడులో పొగ వచ్చిందంటే సీల్సే అని రాసిపెట్టుకోవద్దు. ఆయిల్ రింగు చెడినా, వ్యాక్యూమ్‌కి కింద నుంచి నూనె పైకి వస్తాది. తేడా ఏందంటే సీల్ అయితే ఒక బుస్సు వచ్చి ఆగుతాది, ఆయిల్ రింగు అయితే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 3000 ఆర్‌పీఎంలో నిలబెట్టినప్పుడూ వస్తానే ఉంటాది.

తర్వాత ప్లగ్గులు. ఘాట్ నుంచి వచ్చినాక ఐడిల్‌లో ఎక్కువసేపు ఉంచకుండా ఆపి, చల్లారినాక మూడు ప్లగ్గులూ తీసి వరసగా కాగితం మీద పెట్టు, ఏది ఏ సిలిండర్‌దో రాసి పెట్టు. మూడూ ఒకే రకంగా నల్లగా జిడ్డుగా ఉంటే తప్పు అందరికీ పొత్తు, అంటే బోర్ గోడ మీద రాయితో గీతలు వేసే హోనింగ్ బాగలేదు, రింగులు సెట్ కాలేదు, రింగు సెట్టే వేరే సైజుది వచ్చింది, లేదంటే బ్రీదర్. ఒక్కటే తడిసి మిగతా రెండూ బిస్కెట్ రంగులో పొడిగా ఉంటే సంతోషపడు, తప్పు ఆ ఒక్క సిలిండర్‌లోనే. రింగు విరిగి ఉంటాది, తిరగేసి వేసుంటారు, ఆయిల్ రింగు తప్పు కూర్చుని ఉంటాది, సీల్ ఊడి ఉంటాది, లేదా ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ దోవ నుంచి ఆ బోర్‌లోకి కారుతా ఉంటాది.

ఇప్పుడు కంప్రెషన్ గేజ్, సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా అదుముతాందో చూపించే మీటరు. అందరూ ముందు ఇదే పట్టుకుంటారు, నేను కావాలనే వెనక పెట్టినా, ఏంటికో చెప్తా.

శానా ఏండ్ల కిందట నా దగ్గరికి ఒక ఓమ్ని వ్యాన్ వచ్చింది, పిల్లల్ని బడికి తోలే బండి, దాంట్లో ఉండేదీ ఈ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే. నేనే పని చేసినా, నా చేతులతోనే కట్టినా. బయటికి పోయిన మూడో రోజుకే పొగ అని తిరిగొచ్చింది. గేజ్ పెట్టినా, మూడు సిలిండర్లూ 12 కిలోలు, అంటే చదరపు సెంటీమీటరుకి, తేడా అర కిలో కూడా లేదు. ఇంత మంచి కంప్రెషన్ ఉంటే రింగుల మాటే లేదప్పా అని గట్టిగా చెప్పి వాల్వ్ సీల్స్ మార్చినా. పొగ పోలేదు. హెడ్ దించి గైడ్లు కొత్తవి కొట్టించినా. పోలేదు. ఆయన పాపం నోరు తెరిచి ఒక్క మాట అనలేదు గానీ ప్రతిసారీ టీ తాగకుండా పోయేవాడు. చివరికి సంపు దించి పిస్టన్లు బయటికి లాగితే, రెండో సిలిండర్ ఆయిల్ రింగులో మధ్యలో ఉండే ముడతల స్ప్రింగు, దాన్నే ఎక్స్‌పాండర్ అంటాం, దాని రెండు కొసలు ఒకదానికొకటి ఆనుకోవాల్సింది పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అట్ల ఎక్కితే స్ప్రింగులో బిగువే ఉండదు, పైనా కిందా ఉండే రెండు సన్నటి రేకులు గోడని గీకవు, నూనె అట్లనే పైకి పోతాది. తప్పు నాది, రేకు ఎక్కించేటప్పుడు కొసలు జారినాయి, నేను వేలితో తడిమి చూసుకోలేదు.

అప్పుడు నా బుర్రకి ఎక్కింది ఏందంటే, కంప్రెషన్ గేజ్ చూసేది పై రెండు రింగుల్ని, వాల్వుల్ని, గ్యాస్కెట్‌ని. మూడోది, ఆయిల్ రింగు, గాలిని ఆపే పని చెయ్యనే చెయ్యదు, కాబట్టి అది మొత్తం చెడినా గేజ్‌లో ముల్లు కదలదు. ఇంగా ఘోరం, ఆయిల్ ఎక్కువగా పైకి వచ్చే సిలిండర్‌లో ఆ నూనే సందులు మూసి కంప్రెషన్ మామూలుకన్నా ఎక్కువ చూపిస్తాది. గేజ్ మంచిగా ఉంది కాబట్టి రింగులు మంచివి అని ఎవరన్నా నీకు చెప్తే తల ఊపి వచ్చెయ్.

అట్లని గేజ్ పనికిరాదని కాదు. ఇంజన్ వేడి మీద, మూడు ప్లగ్గులూ తీసేసి, కాయిల్ వైర్ ఊడదీసి, యాక్సిలరేటర్ నేలకు తొక్కి పట్టుకుని ఐదారు తిప్పుళ్ళు తిప్పు. బ్యాటరీ డౌన్ ఉంటే రీడింగ్ తప్పు వస్తాది. 11 నుంచి 13 కిలోల మధ్య, ఒకదానికీ ఒకదానికీ తేడా కిలో లోపల ఉంటే సరి. ఒకటి తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో చిన్న చెంచాడు ఆయిల్ పోసి మల్లా చూడు, ముల్లు బాగా లేస్తే రింగులు, లేవకపోతే వాల్వ్ సీటింగో గ్యాస్కెట్టో. ఎయిర్ కంప్రెసర్ ఉన్న షెడ్డు దొరికితే పిస్టన్ పైకి తెచ్చి ప్లగ్ రంధ్రంలో గాలి పెట్టి చెవి పెట్టి వినడం ఇంగా మేలు, ఆయిల్ మూత దగ్గర వినపడితే రింగులు, కార్బ్యురేటర్‌లో వినపడితే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్.

ఇప్పుడు నీ అరగంట ఐడిల్ సంగతి. లేత్ షాపులో బోర్ కొట్టినాక హోనింగ్ రాయితో గోడ మీద అడ్డంగా నిలువుగా ఏటవాలు గీతలు వేస్తారు, ఒకదాన్నొకటి 45 నుంచి 60 డిగ్రీల కోణంలో కోసుకునేటట్టు. మన ఇండ్లల్లో తిరగలికి కక్కు కొట్టిస్తాం చూడు, అదే లెక్క. ఆ గీతల అంచులు పదునుగా ఉంటాయి, కొత్త రింగు వాటి మీద రుద్దుకుని, అదీ ఇదీ కొంచెం కొంచెం అరిగి ఒకదానికొకటి సరిపోతాయి. ఇది జరగాలంటే రింగు గోడకి గట్టిగా అదమాల. రింగుకి సొంతంగా ఉండే బిగువు శానా తక్కువ, పైన పెట్రోల్ మండినప్పుడు పుట్టే ప్రెషర్ రింగు వెనక గాడిలోకి దూరి దాన్ని గోడకేసి తోస్తాది. ఐడిల్‌లో యాడిది ప్రెషర్? థ్రాటిల్ మూసుకుని ఉంటాది, లోపలికి పోయే గాలీ పెట్రోలూ చిటికెడు. రింగు గోడ మీద మెత్తగా జారతా ఉంటాది, నూనె వేడికి ఉడికి గీతల్లో వార్నిష్ మాదిరి పేరుకుంటాది, కొన్నాళ్ళకి గోడ పాలిష్ పట్టిన కడప బండ లాగా మెరుస్తాది. నున్నటి బండ మీద నీళ్ళు నిలబడనట్టే ఆ గోడ మీద నూనె పట్టుకోదు, రింగూ పట్టుకోదు. దీన్నే గ్లేజింగ్ అంటారు.

పని చేసినాయన వెయ్యి కిలోమీటర్లు ఆగు అన్న మాటలో సగం నిజం ఉంది. రింగులు సెట్ అయ్యే పని చాలావరకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే, గీతల పదును ఉన్నప్పుడే జరిగిపోతాది. ఆ పదును ఉన్నన్నాళ్ళూ 40 దాటకుండా తోలితే, తర్వాత లక్ష తిరిగినా అది సెట్ కాదు. నిదానంగా తోలు అనడంలో అర్థం ఇంజన్‌ని పీక పిసికేటట్టు హై ఆర్‌పీఎంలో పెట్టొద్దని, లోడే ఇవ్వొద్దని కాదు.

కాబట్టి 120 అయింది గానీ ఇంగా మించిపోలేదు, ఇట్ల చెయ్. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఉంచి కదులు. మైదుకూరు వైపు నాలుగు లైన్ల రోడ్డు ఎక్కి, ఇంజన్ బాగా వేడెక్కినాక మూడో గేర్‌లో 30 నుంచి 55 దాకా యాక్సిలరేటర్ ముప్పావు తొక్కి లాగు, కాలు తీసెయ్, బ్రేక్ వెయ్యకుండా మల్లా 30కి రానీ. ఇట్ల పది పదిహేను సార్లు. తర్వాత టాప్ గేర్‌లో 45 నుంచి 70 దాకా అట్లనే. లాగినప్పుడు రింగు గోడకి అదుముతాది, కాలు తీసినప్పుడు వ్యాక్యూమ్‌కి కొంచెం నూనె పైకి వచ్చి అరిగిన పొడిని కడిగేస్తాది. ఒకే స్పీడులో గంట సేపు పోవద్దు, ఏసీ వేసి నలుగురిని ఎక్కించుకుని ఎండలో ఘాట్లు ఎక్కించొద్దు, టెంపరేచర్ ముల్లు మీద కన్ను ఉండనీ. ఆయిల్ మామూలు మినరల్ 20డబ్ల్యూ-40 చాలు, సింథటిక్ ఇప్పుడు వద్దు, అది మరీ జారుడు ఎక్కువై రింగుల్ని అరగనీయదు. పొగ ఆపే మందు అని డబ్బాల్లో అమ్మేది అసలు ముట్టొద్దు, అది నూనెని చిక్కగా చేసి రోగాన్ని దాస్తాది, సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మేటోళ్ళు వాడే పని అది. 500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చు, తీసిన నూనెలో ఇనుప మెరుపు కొంచెం కనపడితే భయపడొద్దు.

ప్రతి నూరు కిలోమీటర్లకి పొద్దున పూట ఒకే చోట డిప్‌స్టిక్ చూసి రాసుకో. మొదటి నూరుకి తగ్గినంత రెండో నూరుకి తగ్గకపోతే రింగులు పట్టుకుంటున్నాయి అని, ఊరికే ఉండు. 500 దాకా ఈ రకంగా లోడు మీద తిప్పినా నూనె తాగేది ఏమాత్రం తగ్గకపోతే ఇంగ వెయ్యి దాకా చూసేది ఏమీ లేదు, విప్పాల్సిందే.

పరీక్షలన్నీ సీల్స్ వైపే చూపిస్తే మాత్రం హెడ్ కూడా దించొద్దు. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో, అంటే రెండు వాల్వులూ మూసుకుని పైకి వచ్చేటప్పుడు, సగం పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలో నుంచి మీటరు నైలాన్ తాడు లోపలికి తోసి, కొస బయట ఉంచుకుని, క్రాంక్‌ని చేత్తో బిగుసుకునేదాకా తిప్పితే తాడు చుట్ట వాల్వుల్ని కింద పడకుండా పట్టుకుంటాది. రాకర్లు తీసి స్ప్రింగు అదిమి, దాన్ని వాల్వ్ కాడకి పట్టి ఉంచే లాకులు తీసి సీల్ మార్చుకోవచ్చు, సగం రోజు పని. కొత్త సీల్ మొదటిరోజే చెడిపోయేది ఎక్కువగా వేసేటప్పుడే, వాల్వ్ కాడ మీద లాకు గాడి అంచు పదునుగా ఉంటాది, దాని మీద పల్చటి ప్లాస్టిక్ చుట్టకుండా నూనె రాయకుండా తోస్తే సీల్ పెదవి కోసుకుపోతాది. సీల్ తీసినప్పుడు వాల్వ్‌ని పక్కలకి ఊపి చూడు, టకటక ఆడుతుంటే గైడే అరిగింది, ఎన్ని సీల్స్ వేసినా రెండు నెలలే.

మొత్తం విప్పాల్సి వస్తే ముందర నువ్వు పక్కన నిలబడు, కార్బన్ గీకేయకముందే చూడు. పిస్టన్ తల చుట్టూ అంచు కడిగినట్టు శుభ్రంగా ఉంటే నూనె రింగుల దోవన వచ్చింది. ఇన్‌టేక్ వాల్వ్ వెనక భాగంలో నల్లగా దిబ్బ కట్టి ఉంటే గైడ్ దోవన వచ్చింది. తర్వాత రెండో రింగు, దాని మీద చిన్న అక్షరమో చుక్కో ఉంటాది, అది పైకి ఉండాల. తిరగేసి వేస్తే నూనెని కిందికి గీకేది పోయి పైకి ఎత్తి పోస్తాది. రింగు నోర్లు, అంటే రింగు రెండు కొసల మధ్య సందులు, మూడూ ఒకే వరసలో ఉన్నాయి అందుకే పొగ అని ఎవరన్నా అంటే పట్టించుకోవద్దు, కట్టేటప్పుడు వేరు చేసి పెట్టాల కరెక్టే గానీ ఇంజన్ తిరిగేటప్పుడు రింగులు వాటంతట అవే చుట్టూ తిరుగుతాయి.

రింగు సైజు మాత్రం తప్పకుండా చూడు. నీది 68.5 బోర్, 0.50 కొట్టినాక 69. రింగుని ఒక్కటే బోర్‌లో పెట్టి పిస్టన్ తలతో సమంగా తోసి ఫీలర్ గేజ్‌తో నోరు కొలువు, 0.20 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండాల. పెట్టె మారి 0.25 సైజు రింగు వచ్చిందనుకో, చుట్టుకొలత లెక్కన నోరు దాదాపు 0.8 అదనంగా తెరుచుకుంటాది, స్టాండర్డ్ రింగు అయితే ఒకటిన్నర మి.మీ. పైనే. చేత్తో చూస్తే రింగు రింగు లాగానే ఉంటాది, ఎవరికీ తెలియదు.

బోర్ గోడ మెరుస్తా ఉండి, బోర్ గేజ్ పెడితే గుండ్రం తప్పకుండా, పిస్టన్ సందు సరిగ్గా ఉంటే మల్లా బోర్ కొట్టించొద్దు, 0.50 దాకా వచ్చేసినావు, ఇంగ ముందుకు పోతే బోర్‌లో కొత్త గొట్టం దింపే స్లీవ్ ఖర్చే. 220 - 280 గ్రిట్ రాయితో హోనింగ్ మాత్రం చేయించి కొత్త రింగులు వేస్తే చాలు. హోనింగ్ అయినాక కడగడం దగ్గరే అందరూ తప్పు చేస్తారు, కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో కడిగి గాలి కొడతారు. దాంతో నూనె పోతాది గానీ రాతిపొడి గీతల్లోనే ఉండిపోతాది, అది కొత్త రింగుల్ని వారంలో తినేస్తాది. వేడినీళ్ళు, బట్టల సబ్బు పొడి, బ్రష్షు. తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటకుండా వచ్చేదాకా కడగాల, వెంటనే నూనె పూయాల, లేకపోతే మన ఎండకి కండ్ల ముందరే తుప్పు పడతాది.

రేడియేటర్ సంగతి నువ్వు అడగలేదు గానీ, బోరు నీళ్ళు పోస్తున్నావా? అవి మానెయ్, కూలెంట్ పొయ్యి. ఉప్పు పేరుకుని ఇంజన్ కాగితే ఇంత ఖర్చు పెట్టి ఫేసింగ్ చేయించిన, అంటే అడుగు చదును చేయించిన, హెడ్ వంగి, అప్పుడు నీలం పొగకి తోడు తెల్లపొగ కూడా చూస్తావు.

రేపు పొద్దున బండి తియ్యకముందు డిప్‌స్టిక్ వాసన చూసి గీత యాడ ఉందో రాసుకో, చోక్ కేబుల్ వెనక్కి పోతాందో చూడు. ఆదివారం ఘాట్‌కి పో, వెనక బండిలో కూర్చునేవానికి ఏం చూడాల్నో ముందే చెప్పు, లేకపోతే వాడు ఫోన్ చూసుకుంటా కూర్చుంటాడు.